చచ్చింది నాగుపాము కాదు, జెర్రిపోతు

పొద్దున్న ఏడింటికి మా వీధి చివర ఒక జెర్రిపోతును కొట్టి చంపారు. ఆరడుగులకు పైనే ఉంది. నేను చెప్పులేసుకుని పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. తల నుజ్జయిపోయింది, తోక కొస మాత్రం ఇంకా మెలితిరుగుతోంది. పదినిమిషాల్లో వీధి గ్రూపులో ఫొటో: "నాగుపామును చంపేశాం, పిల్లలు జాగ్రత్త." కింద వరుసగా దండాలు.

అది నాగుపాము కాదండీ! చెబితే వినరే! జెర్రిపోతుకు విషం లేదు. అది వచ్చింది ఎలుకల కోసం. కాలువ పక్కన రోజూ చెత్త పోసి ఆ ఎలుకల్ని మేపుతున్నది మనమే. "పగబడుతుంది, అందుకే తల చితక్కొట్టాం" అన్నాడు కర్ర పట్టుకున్న పెద్దాయన. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే పాము ఈ భూమ్మీద లేదు.

నాకు మండిపోయింది ఆ కర్ర పట్టిన చెయ్యి చూసే. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చిమ్మిలి పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకున్న చెయ్యే అది. అసలు పాముకు పాలు ఆహారమే కాదు. పాములాడించేవాళ్లు రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచితే, దాహానికి ఆగలేక పాలైనా తాగేస్తుంది. ఆ పుట్ట కూడా పాముది కాదు, చెదపురుగులు కట్టింది. పోనీ, భక్తిని నేను కాదనను. చవితినాడు దండం పెట్టినదాన్ని మిగతా రోజుల్లో బతకనివ్వొచ్చు కదా!

ఇంకోటి కూడా చెప్పాలి. పోయినేడాది ఊళ్లో రెండు పాములు పెనవేసుకుని నిలువునా లేస్తే, "నాగుపాము, జెర్రిపోతు సయ్యాట" అంటూ జనం ఎగబడ్డారు. కొత్త తువ్వాలు కూడా కప్పారు. ఆ రెండూ మగ జెర్రిపోతులే. ఒకదాని తల ఇంకొకటి కిందికి అణచాలని చూస్తున్నాయి. అది కుస్తీ!

ఏ పాము చంపుతుందో తెలియకపోవడం ఎంత ప్రమాదమో మా ఇంట్లో తెలుసు. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తయారుచేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కూడా తీసుకోరు. అయినా 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు పోయినవాళ్లు ఏటా సగటున 58,000 మంది అని లెక్క.

మా చిన్నత్త వాళ్లలో ఒకరు. నేల మీద పడుకుంది, అర్ధరాత్రి కడుపునొప్పి అంటూ లేచింది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. వాపుండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. రెప్పలు వాలిపోతుంటే అప్పుడు అనుమానమొచ్చి, పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. విషం లేని జెర్రిపోతు కరిచినవాళ్లనే బతికించి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. వేపాకు నమిలించాడు. "చేదుగానే ఉంది" అంది అత్త. అయితే విషం ఎక్కలేదన్నాడు. తెల్లారేసరికి మాట పడిపోయింది, ఆస్పత్రి గేటు దాకా కూడా నిలవలేదు.

ఇవాళ ఆ ఫొటో కింద ఎవరో అడిగారు, "ఒకవేళ కరిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని. 108 అని ఒక్కరూ రాయలేదు. ఎక్కడో మంత్రం వేసే ఆయన నంబరు పెట్టారు.