పడని బండ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

అణు విద్యుత్ కేంద్రానికో భారీ ఆనకట్టకో స్థలాన్ని పరిశీలించే ఇంజినీర్లు, అక్కడి నేల పదివేల ఏళ్లకొకసారి ఎంత బలంగా ఊగవచ్చో తెలుసుకోవాలనుకుంటారు. భూకంపాలను యంత్రాలతో నమోదు చేయడం మొదలై ఒకటిన్నర శతాబ్దం కూడా కాలేదు. అందువల్ల జవాబు లెక్కల్లోంచే రావాలి. ఆ లెక్క తప్పో ఒప్పో తేల్చే చరిత్ర ఎవరి దగ్గరా ఉండదు. కొండల మీద ఇరుకైన ఆనుపై నిలిచి, తోస్తే పడిపోయేలా కనిపించే బండరాళ్లను భూకంప శాస్త్రవేత్తలు సాక్ష్యానికి పిలిచింది ఈ లోటు వల్లనే.

నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బ్రూన్ 1990లలో ఈ పద్ధతికి ఒక రూపం తెచ్చారు. బండ ఫలానా కుదుపుకు పడిపోవాలి, అది పడలేదు, కాబట్టి అది అక్కడ నిలిచినంత కాలం ఆ స్థాయి కుదుపు రాలేదు: వాదన ఇంతే. బండ గరిమనాభి (బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కించే బిందువు) నుంచి అది ఒరిగే అంచుకు గీసిన గీత నిట్టనిలువు గీతతో చేసే కోణం 15 డిగ్రీలైతే, గురుత్వ త్వరణంలో దాదాపు 27 శాతం పక్కబలం దాన్ని కదిలించడం మొదలుపెడుతుంది. అయితే కదలడం వేరు, పడిపోవడం వేరు. క్షణంలో వచ్చి పోయే తాకిడికి బండ ఒకవైపు లేచి మళ్లీ కుదురుకోవచ్చు. 1960 చిలీ భూకంపంలో సన్నని కాండంపై నిలిచిన నీళ్ల ట్యాంకులు నిలబడగా, వాటికంటే దృఢంగా కనిపించిన కట్టడాలు దెబ్బతినడాన్ని ఇంజినీరు జార్జ్ హౌస్‌నర్ 1963లో విశ్లేషించి, ఒకే ఆకారంలో ఉన్న రెండు దిమ్మెల్లో పెద్దదే తేలిగ్గా పడదని చూపారు. కంటికి ప్రమాదకరంగా తోచే బండ నిజంగా ఎంత బలహీనమైనదో కొలిస్తే తప్ప తెలియదు.

అంతకంటే చిక్కైనది వయసు. గ్రానైట్ గుండ్లు చాలావరకు నేల లోపలే పగుళ్ల వెంట శిథిలమై గుండ్రబడతాయి. చుట్టూ ఉన్న మెత్తని భాగం కొట్టుకుపోయాకే అవి బయటపడతాయి. మనకు కావలసింది రాయి పుట్టిన కాలం కాదు, అది నిలకడ తప్పేలా తయారైన కాలం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల తాకిడికి రాతిలోని క్వార్ట్జ్ ఖనిజంలో పోగయ్యే బెరీలియం-10 అనే అరుదైన పరమాణు రూపాన్ని కొలిచి దీన్ని అంచనా వేస్తారు. సముద్ర మట్టం దగ్గర ఏడాదికి గ్రాముకు నాలుగైదు పరమాణువులే పుడతాయి గనుక కొలతకు ఎంతో ఓపిక కావాలి. పైగా ఆ కిరణాలు మట్టిలోకీ కొంతమేర చొరబడతాయి; బండ ఇంకా పూడి ఉన్నప్పుడే కొంత బెరీలియం చేరిపోతుంది. పైనుంచి కింది వరకు పలుచోట్ల నమూనాలు తీసి, మట్టి దిగిపోయిన క్రమాన్ని లెక్కగట్టకుండా చెప్పే వయసును నేను నమ్మను.

ఇంత శ్రమ దేనికంటే, ప్రమాద అంచనాల్లో ఒక పాత బలహీనత ఉంది. ఒకేచోట వేల ఏళ్ల నమోదులు లేనందున, వేర్వేరు ప్రదేశాల్లో కనిపించే తేడాలను ఒకే ప్రదేశంలో కాలక్రమంలో వచ్చే తేడాలుగా తీసుకుంటారు. దీనివల్ల అరుదైన భూకంపాల అంచనా అతిగా పెరుగుతుందని 1999లో జాన్ ఆండర్సన్, బ్రూన్ వాదించారు. అణు వ్యర్థాల నిల్వకు ప్రతిపాదించిన నెవాడాలోని యుక్కా పర్వతం విషయంలో లెక్కలు భూమ్మీద ఎక్కడా నమోదు కాని కుదుపుల వరకు వెళ్లాయి. కాలిఫోర్నియాలో డయాబ్లో కాన్యన్ అణు కేంద్రం సమీపంలోని బండలను ఆనా రూడ్ బృందం పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం, ఆ బండల ఉనికితో పొసగని అంచనాలను తోసిపుచ్చింది. ఫలితంగా పదివేల ఏళ్ల స్థాయి కుదుపు సగటు అంచనా 27 శాతం, అనిశ్చితి 49 శాతం తగ్గాయి. న్యూజిలాండ్‌లోని క్లైడ్ ఆనకట్ట భద్రతా ప్రమాణాల్లోనూ ఇలాంటి బండలను లెక్కలోకి తీసుకున్నారు.

సగటు తగ్గిందన్న వార్త కంటే అనిశ్చితి తగ్గిందన్నదే నా దృష్టిలో పెద్ద విషయం. పడని బండ ఎప్పుడూ ఊరటే ఇస్తుందనుకోవడం పొరపాటు. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్, శాన్ హసింటో భ్రంశాలకు (భూకంపాల్లో నేల జారే పగుళ్లకు) 7 నుంచి 10 కిలోమీటర్ల దూరంలోనే నిలిచి ఉన్న 36 బండలను లీసా గ్రాంట్ లడ్విగ్ బృందం నమోదు చేసింది. అంత దగ్గర అవి ఎలా మిగిలాయన్న ప్రశ్నకు 2015లో వారు ప్రతిపాదించిన వివరణ ఏమిటంటే, ఆ రెండు భ్రంశాలు దగ్గరపడే కాహోన్ కనుమ వద్ద, భూకంపంలో నేల చీలడం ఒక భ్రంశం నుంచి మరోదానికి దాటి ఉండవచ్చని. బండలున్న చోట కుదుపు తగ్గినా, రెండు భ్రంశాలు కలిసి కదిలే అవకాశాన్ని నగరాలు లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఈ సాక్ష్యానికి హద్దులు కూడా గట్టివే. పడిపోయినవి మాట్లాడవు. వందల కొండలు గాలించి మిగిలినవాటినే ఏరుకుంటే అంచనా తక్కువవైపు మొగ్గుతుంది. మీటరు ఎత్తు బండ వేగంగా ఊగే కుదుపుల గురించి చెబుతుందే గాని, మెల్లగా ఊగే ముప్పై అంతస్తుల భవనం గురించి పెద్దగా చెప్పలేదు. గట్టి రాతి మీది సాక్ష్యాన్ని పూడిక నేలకు అలాగే వర్తింపజేయలేం.

మన దక్కను పీఠభూమికి ఈ పద్ధతి పనికొస్తుందా? ఇక్కడ బలమైన భూకంపాలు అరుదు. 1969 భద్రాచలం 5.7, 2024 డిసెంబరు 4 ములుగు 5.3 తీవ్రతలతో వచ్చినవి. 1993లో పొరుగున మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం వేలమందిని బలిగొంది. రెండు పెద్ద భూకంపాల మధ్య విరామం నమోదుల కాలాన్ని మించిపోయే ఇలాంటి నేలకే రాతి సాక్ష్యం ఎక్కువ అవసరం. హైదరాబాద్ చుట్టూ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలపై ఒకదానిమీద ఒకటి నిలిచిన గుండ్లకు కొదవ లేదు. అయితే లేఅవుట్లకూ కంకరకూ వాటిని రోజూ పేల్చేస్తున్నారు. వయసు నిర్ధారణ ఖరీదైన పని, దానికి నిధులు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ఫోటోలతో త్రిమితీయ నమూనాలు తయారు చేయడానికి మాత్రం మామూలు కెమెరా చాలు. క్వారీకి అనుమతి ఇచ్చేముందు గుట్టపై ఉన్న ఇలాంటి బండలను కొలిచి భద్రపరచాలన్న నిబంధన పెడితే, కనీసం ఆకారాల లెక్క మిగులుతుంది. వయసు లెక్కకు మాత్రం రాయి, దాని పీఠం ఉన్నచోటనే ఉండాలి గనుక, కొన్ని గుట్టలనైనా పూర్తిగా వదిలేయక తప్పదు.