ఉత్తమాభిరుచి గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఉత్తమాభిరుచి గారికి, విజయనగరం నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆనవాయితీ కాబట్టి అలా రాశాను గానీ, మీరు మా ఇంట్లో మకాం పెట్టినప్పట్నుంచి ఒక్క పాట ప్రశాంతంగా విన్న పాపాన పోలేదు.

ముందు మీ వంశగౌరవం సంగతి. 1919లో విజయరామ గజపతిరాజు గారు ఈ ఊళ్లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పింది, ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. ఇందులో మీ వాటా ఏమిటయ్యా అంటే, ఆ గోడ పక్కనుంచి స్కూటర్ మీద కూరగాయలకి వెళ్లడం. అయినా టీవీలో కొత్త పాట మొదలైతే చాలు, పల్లవి పూర్తికాకుండానే "మా విజయనగరం వాళ్ల చెవి వేరండీ" అనేస్తారు. సరిగమల్లో మూడోది ఏదో అడిగితే మాత్రం ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లిపోతారు.

మొన్న ఆర్టీసీ బస్సు కాంప్లెక్స్ దగ్గర షేర్ ఆటో ఎక్కామా, సీటు వెనక ఉన్న స్పీకరు డబ్బా మోతకి నా నడుం, పక్కావిడ ఒళ్లో ఉన్న స్టీలు క్యారేజీ రెండూ ఒకే తాళంలో అదిరాయి. ఇదీ ఒక పాటేనా అని మీరు మొహం చిట్లించారు. వారం తిరిగేసరికి బాత్రూంలో నా నోట అదే పాట. తలుపు బయటనుంచి మా మేనల్లుడు, "మావయ్యా, నచ్చలేదన్న పాటే పాడతన్నావేటి?" అని అరిచాడు. వాడికి తెలీదు గానీ, దీని గుట్టు 1968లోనే జాయన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విప్పేశాడు. అర్థంలేని మాటలు, చైనా లిపిలాంటి గుర్తులు, తెలియని మొహాలు, ఏవైనా సరే, ఎన్నిసార్లు ఎక్కువ కనబడితే మనుషులకి అంత ఎక్కువ నచ్చాయట. పాటలకీ ఇదే వర్తిస్తుంది, మరీ అరగదీస్తే మళ్లీ విసుగొస్తుంది. అంటే మీ జడ్జిమెంట్‌లో సగం ఆటో డ్రైవర్ చేతిలో ఉందన్నమాట.

ఇక స్వర్ణయుగం. తెలుగు సినిమా సంగీతానికి స్వర్ణయుగం ఎప్పుడని ఎవర్ని అడిగినా, తనకి మీసం మొలిచిన సంవత్సరాలే చెప్తాడు. బొబ్బిలిలో మా బావగారి లెక్కలో సంగీతం ఆయన డిగ్రీ పూర్తయిన ఏడాదే చచ్చిపోయింది. ఆ కాలంనాటి నాసిరకం పాటల్ని మాత్రం ఆయన జ్ఞాపకం ఎంత మర్యాదగా చెరిపేసిందో! పదమూడు, పద్నాలుగేళ్ల నుంచి ఇరవై దాటేదాకా విన్నవే గట్టిగా అతుక్కుంటాయని పరిశోధకులు చెప్తూనే ఉన్నారు. తొలి స్నేహాలు, తొలి దిగుళ్లు అన్నీ వాటితోనే కలిసి ఉంటాయి మరి. దీనికి మీరు "ప్రమాణాలు" అని పేరు పెట్టారు.

పోనీ అదైనా మీ సొంతమా అంటే, పక్కవాడు ఏం వింటున్నాడో చూడకుండా మీరు తల ఊపరు. 2006లో 'సైన్స్' అనే పత్రికలో ఒక ప్రయోగం అచ్చయింది. ఊరూ పేరూ తెలియని బ్యాండ్ల పాటలు 48, విన్నవాళ్లు 14 వేల పైచిలుకు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు, మిగతావాళ్లని గుంపులుగా విడదీసి, వాళ్ల గుంపులో ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఒక్కో గుంపులో ఒక్కో పాట హిట్టయి కూర్చుంది! మరీ చెత్తవి నెత్తికెక్కడం మాత్రం అరుదే, కాస్త ఊరట.

మా పెదనాన్న గారి ఊళ్లో జాతరకి గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో తప్పెటగుళ్లవాళ్లు ఎగిరి ఎగిరి ఆడుతుంటే "తలనొప్పి" అన్నది మీరే. అదే బృందం లైట్లున్న వేదిక మీద, ముందు వరసలో కలెక్టర్ గారు కూర్చున్న సభలో ఆడితే, వీడియో తీసి "మన సంస్కృతి" అని స్టేటస్ పెట్టిందీ మీరే.

పాట ఒళ్లు జలదరింపజేసే చోటు ఉంటుంది చూడండి, ఆ చోటు వస్తోందని తెలిసినప్పుడే మెదడులో డోపమైన్ అనే హుషారు రసాయనం విడుదలవుతుందని 2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు స్కాన్ తీసి మరీ చూపించారు. అప్పటికి మీరింకా నిద్రే లేవరు. అంతా అయ్యాక అటెస్టేషన్ చేసే గెజిటెడ్ ఆఫీసర్‌లా వచ్చి, "ఇది నచ్చుటకు యోగ్యమైనది" అని ముద్ర కొట్టి పోతారు.

అసలు విషయానికొస్తాను. వచ్చే నెల బొబ్బిలిలో మేనకోడలి పెళ్లి. ముహూర్తానికి సన్నాయి మేళం, రాత్రి ఊరేగింపుకి డీజే. తమరు సన్నాయి దాకా ఉండి, తల ఊపి, భోంచేసి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోవలసింది. ఊరేగింపులో మాత్రం కనబడొద్దు. డీజే వాడికిచ్చిన లిస్టులో నావి కూడా రెండు పాటలున్నాయి. ఏవో అడక్కండి.

ఇట్లు,
మీరు ఏనాడూ అద్దె కట్టని ఇంటి ఓనరు