రెండు అవుట్‌పుట్‌లకూ ఒకటే స్విచ్చా!

గిటార్ మోడలర్‌లో (యాంప్, స్పీకర్ల ధ్వనిని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) వందల క్యాబ్‌లు, అంటే స్పీకర్ పెట్టెల నకళ్లు, కుక్కుతారు. ఆ నకలును (క్యాబ్ సిమ్) ఆపే స్విచ్ మాత్రం కొన్నిటిలో మెనూ అడుగున ఎక్కడో, అదీ రెండు అవుట్‌పుట్‌లకూ కలిపి ఒక్కటే! మిక్సర్‌కి వెళ్లే లైన్‌లో క్యాబ్ ఉండాలి. యాంప్ ఎఫెక్ట్స్ రిటర్న్‌కి (నేరుగా పవర్ యాంప్‌లోకి పోయే సాకెట్) వెళ్లే లైన్‌లో ఉండకూడదు, అక్కడ నిజం స్పీకరే ఉంది కదా. క్యాబ్ రెండుసార్లు పడితే దుప్పటి కప్పినట్టు మూగబోతుంది. అసలు లేకుండా మిక్సర్‌కి పోతే కందిరీగల తుట్టె కదిపినట్టే. 12 అంగుళాల గిటార్ స్పీకర్ మోత 5 కిలోహెర్ట్జ్ దాటాక గబగబా పడిపోతుంది; ఆ కోతే డిస్టార్షన్ గరగరని ఆపేది.

ఐఆర్‌లు (ఇంపల్స్ రెస్పాన్స్‌లు: మైక్‌తో పట్టిన స్పీకర్ ధ్వని ముద్రలు) రెండు కలిపే సౌకర్యం ఇస్తారు, కొన్నిటిలో ఫేజ్ (రెండు తరంగాల కాల పొందిక) సరిచేసే మార్గం ఇవ్వరు. ఒక మైక్ గ్రిల్లుకి ఆనించి, రెండోది మరో 34 సెంటీమీటర్లు వెనక పెట్టి పట్టినవైతే ధ్వని చేరే సమయంలో తేడా 1 మిల్లీసెకను. సమానంగా కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంట, 1500 దగ్గర ఇంకోటి. గిటార్ ప్రాణం ఉండేదే అక్కడ! దగ్గరి మైక్ ఐఆర్‌ను 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో 48 శాంపిళ్లు ఆలస్యం చేస్తే చాలు, గుంట పూడుతుంది. అంత చిన్న నాబ్‌కి చోటు లేదా?

హై కట్ (పై పౌనఃపున్యాలను కోసే ఫిల్టర్) కూడా చాలావాటిలో ఆఫ్‌లోనే వస్తుంది. ముందు లో కట్ (కింది పౌనఃపున్యాలను కోసేది) 80 హెర్ట్జ్, హై కట్ 6 కిలోహెర్ట్జ్ పెట్టి, బ్యాండ్ మోగుతుండగా విని జరపండి. హెడ్‌ఫోన్స్‌లో ఒంటరిగా విని తేల్చేస్తే స్టేజీ మీద బేస్ గిటార్‌తో కొట్టుకుంటుంది.