సవరణ: సమాన భిన్నాల్లో కలపడం కుదరదు

సమాన భిన్నాల గురించి ఇంతకుముందు రాసినప్పుడు, లవానికీ హారానికీ ఒకే సంఖ్యను "కలిపినా, గుణించినా" విలువ మారదని రాశాను. కలపడం గురించి చెప్పింది తప్పు. క్షమించండి.

2/3 తీసుకోండి. పైనా కిందా 1 కలిపితే 3/4 అవుతుంది. పన్నెండో వంతుల్లో చూస్తే మొదటిది 8/12, రెండోది 9/12. విలువ పెరిగిపోయింది! అదే పైనా కిందా 4తో గుణిస్తే 8/12 వస్తుంది, విలువ మారదు. ఎందుకంటే అది 4/4తో, అంటే 1తో గుణించడమే. ముక్కలు చిన్నవై, సంఖ్యలో పెరిగాయంతే. భాగహారానికీ ఇదే సూత్రం; సున్నాతో మాత్రం రెండూ చేయకూడదు.

పాత వాక్యాన్ని పిల్లలకు చెప్పి ఉంటే దయచేసి ఇప్పుడే సరిదిద్దండి. పైనా కిందా విడివిడిగా కలిపే ఈ అలవాటే తర్వాత 1/2 + 1/3 = 2/5 అని రాయించవచ్చు. అసలు జవాబు 5/6.