మెగావాట్లు చెప్పని గాలి లెక్క

కొత్త పవన విద్యుత్ కేంద్రం గురించి ఏ ప్రకటన చూసినా ముందు కనిపించేది మెగావాట్ల అంకె. అది అబద్ధం కాదు. అయితే గాలి బలంగా వీచే గంటల్లోనే అది నిజం.

గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. వేగం 10 శాతం పడిపోతేనే 27 శాతం శక్తి పోతుంది. సాధారణంగా టర్బైన్ (గాలిమర) సెకనుకు 3, 4 మీటర్ల గాలికి కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. పూర్తి సామర్థ్యం అందుకోవడానికి దాదాపు 12 మీటర్ల వేగం కావాలి. 25 మీటర్లు దాటితే రెక్కలు దెబ్బతినకుండా ఆపేస్తారు. అందుకే ఏడాది మొత్తం మీద చూస్తే నేల మీది కేంద్రాలు చాలావరకు తమ సామర్థ్యంలో పావు వంతు నుంచి 40 శాతం వరకే ఇస్తాయి. సముద్రంలో గాలి నిలకడగా ఉంటుంది కాబట్టి అక్కడ కొంత మెరుగు.

రెక్కలను ఇంకా మెరుగుపరిస్తే చాలదా? జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల క్రితమే దీనికి జవాబు చెప్పారు. వీచే గాలి నుంచి 59.3 శాతానికి మించి శక్తి తీయలేం. మొత్తం పిండేస్తే గాలి రెక్కల వెనకే నిలిచిపోయి, తర్వాత వచ్చే గాలికి దారి ఉండదు. నేటి మంచి టర్బైన్లు ఇప్పటికే ఆ హద్దుకు దగ్గర్లో ఉన్నాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెక్కల హద్దు కాదు, వేళ తప్పే గాలి. చలికాలంలో గాలి, ఎండ రెండూ లేని రోజులకు జర్మన్లు ‘డుంకెల్‌ఫ్లౌటె’ అని పేరే పెట్టుకున్నారు. 2024 డిసెంబరు 12న అలాంటి పరిస్థితిలోనే అక్కడి మార్కెట్లో ఒక గంట కరెంటు ధర మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, 900 యూరోలు దాటింది. టర్బైన్ల సంఖ్య రెట్టింపు చేసినా ఆ రోజు పెద్దగా ఒరిగేదేమీ లేదు, గాలే లేనప్పుడు అన్నీ కలిసే నిలిచిపోతాయి. గ్రిడ్ కోసం పెడుతున్న బ్యాటరీలు ఎక్కువగా కొన్ని గంటలకే సరిపోతాయి, గాలి కరవు రోజుల తరబడి సాగుతుంది. డెన్మార్క్ తన విద్యుత్తులో సగానికి పైగా గాలి నుంచే తీస్తోందని మెచ్చుకుంటాం, మెచ్చుకోవాల్సిందే. కానీ గాలి తగ్గితే ఆదుకోవడానికి ఆ దేశానికి నార్వే, స్వీడన్ జలాశయాల కరెంటు ఉంది, దాన్ని తెచ్చే కేబుళ్లు ఉన్నాయి. ఆ తోడు లేని చోట డెన్మార్క్‌ను ఉదాహరణగా చూపడం ప్రజలను తప్పుదోవ పట్టించడమే.

నేను గాలిమరలకు వ్యతిరేకిని కాదు. బొగ్గు పొగతో పోలిస్తే ఇవి ఎంతో మేలు, ఇంకా ఎక్కువగా కట్టాలి. కానీ గాలి ఆగినప్పుడు ఆదుకునే జలాశయాలు, లైన్లు, ఇతర కేంద్రాల ఖర్చును వేరే ఖాతాలో దాచి గాలి కరెంటు చౌక అనడం అన్యాయం. మెగావాట్ల పక్కనే మరో రెండు అంకెలు కూడా ప్రకటించాలి: ఏడాదికి ఎన్ని యూనిట్లు, గాలి అతి తక్కువగా వీచే వారంలో ఎన్ని యూనిట్లు.