ఆ గోడ ముట్టుకుంటే ఏమొస్తుంది?

ఈత కొట్టే అలవాటును మన సమాజం తక్షణం మానుకోవాలి. దాని బదులు ల్యాప్స్ వేయాలి, అంటే కొలనులో ఈ గోడ నుంచి ఆ గోడకి లెక్కపెట్టుకుంటూ తిరగాలి. రెండూ ఒకటే కదా అనేవాళ్లు ఇంకా మన మధ్య తిరుగుతున్నారు కాబట్టే ఇది రాయాల్సొస్తోంది. ఈత అంటే ఏముంది, నీళ్లు కనపడ్డాయి, దూకాం, కళ్లు ఎర్రబడేదాకా తన్నుకున్నాం, గట్టు మీద అమ్మ బెత్తంతో కనపడితే బయటికొచ్చాం. ఇందులో వార్మప్ లేదు, మెయిన్ సెట్ లేదు. వీపు మీద పడిన దెబ్బల్ని కూల్‌డౌన్ అని ఏ కోచూ ఒప్పుకోడు.

నేను గోదావరి కాలవ గట్టున పుట్టినవాణ్ణి. వీపుకి బెండ్లు కట్టి మా బాబాయ్ ఒక్క తోపు తోస్తే ఈత వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా దాన్నే ఈత అనుకుని బతికా. మొన్న నలభై మూడో ఏట డాక్టరుగారు రిపోర్టు చూసి, షుగర్ గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రానిస్తారా లేదా మీ ఇష్టం అన్నాక, హైదరాబాద్‌లో మా కాలనీ పక్కన ఉన్న 25 మీటర్ల కొలనులో పొద్దున్న ఆరింటి బ్యాచ్‌లో చేరా. నేను ఇన్నాళ్లూ చేసింది పద్ధతీ పాడూ లేని పని అని అక్కడే తెలిసింది.

పద్ధతి అంటే ఇదీ. 200 మీటర్లు వార్మప్. నాలుగు యాభైలు డ్రిల్స్, అంటే బార సరిచేసుకునే కసరత్తులు. ఎనిమిది వందలు మెయిన్ సెట్, అంటే వంద మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు, మధ్యలో సరిగ్గా 20 సెకన్ల విరామం. చివర్లో ఇంకో 200 మెల్లగా. మొత్తం 1400. దీన్ని ప్రింట్ తీయించి, తడవకుండా జిప్ కవర్లో పెట్టి, గట్టు మీద చెప్పుల పక్కన పెట్టుకున్నా. ఇంజనీరింగ్‌లో కూడా నేను టైంటేబుల్‌ని ఇంత భక్తిగా చూసుకోలేదు.

ఎగతాళికి అంటున్నా గానీ విషయం నిజమే సుమా. నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపు చేద్దామని చూస్తే నీటి అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. అందుకే కండలున్న కుర్రాడు రెండు లెంగ్త్‌లకే (ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక లెంగ్త్) చేప గట్టున పడ్డట్టు నోరు తెరుస్తాడు, పక్క లేన్‌లో అరవై దాటిన పెద్దాయన బార తర్వాత బార తీరిగ్గా వేసుకుంటూ పోతుంటాడు. అలిసిపోతే కాళ్లు కిందికి దిగుతాయి, కాళ్లు దిగితే అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగితే ఇంకా అలుపు. ఈత తీరు పూర్తిగా చెడకముందే కాసేపు ఆగి, మళ్లీ మంచి బారతో మొదలెట్టడానికే ఆ 20 సెకన్లు. అంతా శాస్త్రమే.

చిక్కల్లా ఆ 20 సెకన్లు ఎక్కడ తీసుకోవాలన్నదే. మా కొలనులో లోతు తక్కువున్న వైపు గోడ దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఉంటారు. ఉంటారు అంటే ఉంటారంతే, ఈదరు. మోచేతులు వెనక్కి గట్టు మీద ఆనించి, గాగుల్స్ నుదుటి మీదికి నెట్టుకుని, షాద్‌నగర్ వైపు గజం రేటు మాట్లాడుకుంటూ ఉంటారు. నేను గోడ ముట్టుకోవాలంటే వాళ్లిద్దరి భుజాల మధ్య చెయ్యి దూర్చాలి. దూర్చానా, "రండి బ్రదర్, మీరైనా చెప్పండి, ఇప్పుడు కొనొచ్చంటారా?" అంటారు. మర్యాద కోసం జవాబు చెప్పి చూసుకుంటే విరామం ఆరు నిమిషాలైంది. అలా నా మెయిన్ సెట్‌లో ఇప్పటికి మూడు వెంచర్లు పూర్తయ్యాయి.

సామాను సంగతి చెప్పలేదు. గాగుల్స్, టోపీ, కిక్‌బోర్డు, చేతులకు ప్యాడిల్స్, కాళ్లకు ఫిన్స్, తొడల మధ్య ఇరికించుకోడానికి పుల్ బాయ్. బాబాయ్ వీపుకి కట్టింది బెండు, ఇదీ బెండే. పేరు మారి, పార్శిల్లో వచ్చి, తొడల మధ్యకు చేరింది, అంతే తేడా. మా ఆవిడ డబ్బా విప్పి చూసి, "ఈత వచ్చన్నారుగా, మళ్లీ బెండెందుకండీ?" అంది. దీని ఉద్దేశం మునగకుండా ఆపడం కాదు, కాళ్లని ఆపి చేతులతోనే పని చేయించడం అని వివరించా. "అలాగా" అంది. ఆ "అలాగా"కి ఏ డ్రిల్లూ పనిచేయదు.

అన్నిటికంటే ముఖ్యమైనది వాచీ. కోచ్ అబద్ధం చెప్పొచ్చు, అద్దం చెప్పొచ్చు, వాచీ చెప్పదు అని నమ్మి కొన్నా. మొదటి రోజే 57 లెంగ్త్‌లు, 1425 మీటర్లు అని చూపించింది. బయల్దేరిన గోడ దగ్గరే నిలబడి ఉన్నా. వెళ్లినవాడు వచ్చాడంటే సరి సంఖ్య రావాలి కదా, 57 ఎలా వచ్చింది? తర్వాత అర్థమైంది, మధ్యలో వాటర్ వాకింగ్ చేస్తున్న ఒక ఆంటీగారు అడ్డొస్తే ఫ్రీస్టైల్ ఆపి కప్ప ఈతలోకి మారా, అది కొత్త లెంగ్త్ అనుకుంది పాపం. సరిచేయొచ్చట. నేను చేయలేదు. ఆ పాతిక మీటర్లు ఆవిడ నాకిచ్చిన కానుక.

తర్వాత పరీక్ష పెట్టుకున్నా. 400 మీటర్లు ఒకసారి, 200 ఒకసారి శక్తికొద్దీ ఈది, మొదటి టైములోంచి రెండోది తీసేసి రెండుతో భాగిస్తే వందకి ఎంత వేగం నిలబెట్టుకోగలవో వస్తుంది. నాది 400కి 12 నిమిషాలు, 200కి 5 నిమిషాల 40 సెకన్లు. అంటే వందకి 3 నిమిషాల 10 సెకన్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు బాబీ ఫింక్ 1500 మీటర్లు 14 నిమిషాల 30.67 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు కొట్టాడు, వందకి 58 సెకన్లు. నా లెక్కన అదే 1500కి నలభై ఏడున్నర నిమిషాలు. మా బ్యాచ్ టైము 45 నిమిషాలు. నా ఒలింపిక్ ఫైనల్ ముగియకముందే కోచ్ విజిలేసి "సార్, లేడీస్ బ్యాచ్, బయటికి రండి" అంటాడన్నమాట.

2021లో గోలి శ్యామలగారు నలభై ఎనిమిదేళ్ల వయసులో శ్రీలంక వైపు నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధి ఈదుకొచ్చారు, సుమారు 30 కిలోమీటర్లు. గౌరవంతోనే అడుగుతున్నా, అంత దూరంలో పట్టుకోడానికి ఒక్క గోడ లేదు, గజం రేటు అడిగే నాథుడు లేడు, మరి విరామం ఎలా లెక్కేసుకున్నారో.

ఫలితాలంటారా. నీళ్లలోంచి బయటికొచ్చాక వేసే ఆకలి మామూలు ఆకలి కాదు. గేటు బయట ఇడ్లీ బండి పెట్టినవాడికి మా ప్లాన్ మాకంటే బాగా తెలుసు. రెండు ప్లేట్లు, పైన కారప్పొడి, నెయ్యి. దీన్ని మా బ్యాచ్‌లో రికవరీ అంటారు. మూడు నెలల్లో వందకి 9 సెకన్లు తగ్గా, ఒక కిలో పెరిగా. మా ఊళ్లో గేదెలు కూడా మధ్యాహ్నమంతా నీళ్లలోనే ఉంటాయి, అవి సన్నబడిన దాఖలాలు నాకు కనపడలేదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: డెల్టా కాలవలన్నిటికీ ప్రతి 25 మీటర్లకీ అడ్డంగా ఒక గోడ కట్టించాలి. చేలకి నీళ్లు అందవంటారు నిజమే, కానీ ముట్టుకుని తిరగడానికి గోడ లేక రైతు బిడ్డలు దశాబ్దాలుగా ఒకే దిక్కుకి ఈదుతున్నారు.

ఈ మాటే సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయ్‌కి చెప్పా. డెబ్బై రెండేళ్లు, గట్టు మీద కూచుని లుంగీ గోచీ బిగిస్తున్నాడు. "ఏరా, ఇక్కణ్ణుంచి అక్కడికెళ్లి, ఆ గోడ ముట్టుకుని, మళ్లీ ఇక్కడికే వస్తావా?"

"అవును బాబాయ్. ఇరవై ఎనిమిది సార్లు."

"ఈ కాలవ దాటితే మన చేనొస్తుంది. ఆ గోడ ముట్టుకుంటే ఏమొస్తుందిరా?"

ఏరోబిక్ కెపాసిటీ అందామనుకున్నా గానీ ఆయన అప్పటికే దూకేశాడు. నేనూ టోపీ పెట్టుకుని, గాగుల్స్ బిగించుకుని, నడుం లోతులో నిలబడి వాచీ నొక్కా. మొదలెట్టే ముందు అది ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"బాబాయ్, కొలను పొడవెంత అంటోంది, ఏం కొట్టను?"

కాలవ మధ్యలోంచి, వెల్లకిలా తేలుతూనే కేకేశాడు.

"ధవళేశ్వరంలో మొదలు, చివర సముద్రమని కొట్టరా."