తిండి పెట్టినవాళ్లకే పిల్లి మాలిమవుతుందా?

పిల్లులు పెంచేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. పిల్లికి కావలసింది మనిషి కాదు, తిండేనట. గిన్నె ఎవరి చేతిలో ఉంటే పిల్లి వాళ్లదేనట. అందుకని తిండి మీరొక్కరే పెట్టాలి, రోజూ ఎత్తుకుని అలవాటు చేయాలి, ఒళ్లోకొచ్చి పడుకుందంటే దానికి ఇష్టమైన మనిషి మీరే. ఇందులో నిలబడేది చాలా తక్కువ.

ముందు గిన్నె సంగతి. కొత్తగా వచ్చి మంచం కింద దాక్కున్న పిల్లిని బయటికి రప్పించడానికి తిండి పనికొస్తుంది, కాదనలేం. ఆ పైన దాని పాత్ర తగ్గిపోతుంది. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఇంటి పిల్లులకూ, షెల్టర్ (యజమాని లేని జంతువుల ఆశ్రయం) పిల్లులకూ తిండి, బొమ్మ, వాసన, మనిషి ఈ నాలుగింటినీ ఒకేసారి అందుబాటులో పెట్టారు. సగం పిల్లులు మనిషి వైపే మొగ్గాయి. తిండిని కోరుకున్నవి 37 శాతం.

ఇంట్లో ఈ తేడా తెలుసుకోవాలంటే గిన్నె ఖాళీ అయ్యాక చూడాలి. ఆకలి మీద కాళ్లకు చుట్టుకోవడం ఎవరి దగ్గరైనా చేస్తుంది. కడుపు నిండాక కూడా తోక నిటారుగా ఎత్తి, కొస కొద్దిగా వంచి, ఎవరి దగ్గరికొచ్చి చెంప రుద్దుతుందో లెక్కలోకి తీసుకోవలసింది వాళ్లనే. చెంపల్లో వాసన గ్రంథులుంటాయి. రుద్దడమంటే తన వాసన అంటించడం.

తిండి ఒక్కరే పెట్టడంలో ఇంకో చిక్కుంది. ఆ ఒక్కరూ ఊరెళితే కొన్ని పిల్లులు గిన్నె ముట్టవు. ఒక రోజు దాటి ఏమీ తినకపోతే వెటర్నరీ డాక్టర్‌తో మాట్లాడాలి. లావుగా ఉన్న పిల్లికి కొద్ది రోజుల పస్తుతోనే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో కనీసం ఇద్దరు వంతులవారీగా పెట్టడమే మేలు.

ఇక ఎత్తుకుని అలవాటు చేయమనడం. ఈ సలహా మొత్తంలో ఎక్కువ చెరుపు చేసేది ఇదే. మనిషి వెంటపడి మొదలుపెట్టిన చెలిమి కంటే పిల్లి తనంతట తాను వచ్చి మొదలుపెట్టింది ఎక్కువసేపు సాగుతుందని ఇళ్లల్లో చేసిన పరిశీలనల్లో తేలింది. చాలా ఇళ్లల్లో పిల్లి కోసం ఆరాటపడేవాళ్లను వదిలేసి, పట్టించుకోకుండా పుస్తకం చదువుకునే మనిషి పక్కకు చేరడానికి కారణం అదే. ఆ మనిషి దాన్ని తేరిపార చూడడు, మీదికి వంగడు, పోతుంటే ఆపడు.

కాబట్టి వరస మార్చాలి. పిల్లికి పక్కగా నేల మీద కూర్చుని, వేలి కణుపు దాని ముక్కు ఎత్తులో, జానెడు దూరంలో ఉంచండి. వాసన చూసి చెంప ఆనిస్తే సరే. మొహం తిప్పేసుకుంటే చెయ్యి తీసేయండి. గడ్డం కింద, చెంపల మీద, చెవులకు కాస్త ముందు మూడు నాలుగు సెకన్లు నిమిరి ఆపండి. తల మళ్లీ చేతికి నెడితే ఇంకోసారి. పొట్ట జోలికీ, తోక మొదట్లో ఉండే చోటి జోలికీ పోవద్దు. వీపు చర్మం అలలా కదిలినా, తోక కొస టపటపా కొట్టుకున్నా, చెవులు పక్కకు వాలినా ఇక చాలని అర్థం. చెప్పాపెట్టకుండా కరిచిందని ఫిర్యాదు చేసేవాళ్లు సాధారణంగా ఈ మూడింటినీ గమనించనివాళ్లే. ఎదురుగా ఉన్నప్పుడు కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరవడం కూడా పనిచేస్తుంది: బ్రిటన్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం 2020లో వెలువరించిన అధ్యయనంలో అలా చేసిన మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయి.

ఆటకు కర్రకు తాడు కట్టిన బొమ్మ చాలు. ఐదు పది నిమిషాలు ఆడించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే కాస్త తినిపించండి. చేతివేళ్లతో ఆడించారా, గోళ్లు దిగేది వేళ్లలోకే.

ఒళ్లో పడుకోవడాన్ని ప్రేమపత్రంగా చదవనక్కర్లేదు. పిల్లి శరీరానికి శ్రమ లేకుండా హాయిగా ఉండే వేడి సుమారు 30 నుంచి 38 డిగ్రీలు. గది అంతకంటే చల్లగా ఉంటే కదలకుండా కూర్చున్న ఎవరి ఒడైనా దానికి మంచి చోటే.

మనిషి దగ్గర లేకపోయినా పిల్లికి పట్టదనే మాట కూడా వినిపిస్తుంది. ఇక్కడ పరిశోధనలే ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వారి 2015 అధ్యయనం పెద్ద పిల్లులు భద్రత కోసం యజమాని మీద ఆధారపడుతున్నట్టు కనిపించలేదంది. 2019లో ఓరెగాన్ బృందమే కూనల్ని కొత్త గదిలో యజమానితో రెండు నిమిషాలు, ఒంటరిగా రెండు నిమిషాలు ఉంచి మళ్లీ కలిపితే, సుమారు 64 శాతం యజమాని రాగానే కుదుటపడి గదిని చూడడం మొదలుపెట్టాయి. మా తూకంలో రెండోదానికే బరువెక్కువ. అయితే కుక్కలా ఎదురొచ్చి గంతులేయాలని ఆశించేవాళ్లకు ఏ అధ్యయనమూ తృప్తినివ్వదు.

ఒకసారి ఎంచుకుంటే ఆ మనిషి మారరన్నదీ నిజం కాదు. రెండు నుంచి ఏడు వారాల వయసులో పలువురి చేతుల్లో పెరిగిన కూన పెద్దయ్యాక కూడా పలువురితో కలుస్తుంది. ఇంట్లో ఎవరి దినచర్య మారినా పిల్లి మొగ్గు మారొచ్చు. కానీ మీ పక్కనే ఉండే పిల్లి ఉన్నట్టుండి అల్మారా వెనక దాక్కున్నా, ముట్టుకుంటే ఉలిక్కిపడినా అలిగిందనుకోకండి, నొప్పేమోనని చూపించండి. మగపిల్లి పదే పదే లిట్టర్ ట్రేలో (మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెంలో) కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.